తొలి నూఱు మైళ్ళకు ఏ బాట?

గత దసరా సెలవులకు ముందు ఒక సాయంకాలమున, మన పాఠశాలలో పదవ తరగతి ముగించి కళాశాలలో చేరిన ఒక బాలుని తండ్రిగారు నన్ను చూడవచ్చిరి. కుశలప్రశ్నలైన పిదప కొంతతడవు మాటాడక కూర్చుండి, "మా వాడు సైకిలుమీద నూఱు మైళ్ళు పోయెదనని పట్టుపట్టినాడు. వరంగల్లునకు పోవునట. పొమ్మనుటకు మనసు రాదు. వలదనుటకు నోరు రాదు. మీ మాట వినును గనుక మీరే చెప్పవలెను" అనిరి. మఱునాడే ఆ బాలుడును వచ్చి, తండ్రి వచ్చిన సంగతి యెఱుగక, "సార్, మొదటిసారి నూఱు మైళ్ళు పోవుటకు ఏ రోడ్డు మంచిది?" అని యడిగెను.

తండ్రి పోవచ్చునా యని యడిగెను; కొడుకు ఎటు పోవలెనని యడిగెను. చూచుటకు ఇవి రెండు ప్రశ్నలు. నిదానించి యాలోచించినచో రెండును ఒక్కటే. బాటను సరిగా నెన్నుకొన్న వానికి పెద్దల యనుమతి దొరకును. ఎన్నుకొనలేని వానికి అనుమతి దొరకకుండుటయే మేలు. ఆనాడు ఇరువురకును నోటితో చెప్పిన మాటలనే ఇప్పుడు కొంచెము విపులముగా ఈ సంచికలో వ్రాయుచున్నాను. ఇందులో నా యనుభవమును గలదు, నా యభిప్రాయమును గలదు. అభిప్రాయముతో నేకీభవింపనివారు అనుభవమునైన గ్రహింతురుగాక.

నూఱు మైళ్ళనగా సుమారు 161 కిలోమీటర్లు. మన దేశమున మైలురాళ్ళు పోయి కిలోమీటరు రాళ్ళు వచ్చి చాల కాలమైనను, సైకిలు త్రొక్కువారి లోకములో ఈ నూఱు మైళ్ళ లెక్క మాత్రము పోలేదు. ఇది సంఖ్యయందలి మోజు తప్ప వేఱుకాదని కొందఱందురు. నిజమే, తొంబదియెనిమిది మైళ్ళు పోయిన కాలికిని నూఱు మైళ్ళు పోయిన కాలికిని భేదమేమి? అయినను ఈ దూరమునకు ఒక గుణము గలదు. సామాన్యుడైన ఆరోగ్యవంతుడు కొన్ని వారములు సాధన చేసినచో, ఉదయించిన సూర్యుడు అస్తమించులోపల దీనిని ముగింపగలడు. సాధన చేయనిచో ముగింపలేడు. కనుక ఈ దూరము బలమునకు గాక క్రమశిక్షణకు పరీక్ష. పాఠశాల పత్రికలో దీనిని గూర్చి వ్రాయుటకు నాకు గల సమర్థన యిదియే.

ఇట్టి యాత్రలకు చరిత్రయు గలదు. 1891లో ఫ్రాన్సు దేశమున పారిసునుండి బ్రెస్టు అను సముద్రతీర పట్టణమునకు పోయి మఱల పారిసు చేరు పందెము జరిగెను. అది సుమారు 1,200 కిలోమీటర్లు. నేడది పందెముగా గాక 90 గంటలలోపల ముగింపవలసిన యాత్రగా నాలుగేండ్లకొకమారు జరుగుచున్నది. 1897 జూను నెలలో ఇటలీ దేశస్థులు కొందఱు రోమునుండి నేపుల్సునకు 230 కిలోమీటర్లు పగటి వెలుగులోనే పోయిరి. వారికి వచ్చిన పేరు 'ఆడాక్సు', అనగా సాహసికులు. ఆ పేరుతోనే నేటికిని ప్రపంచమంతట దూరయాత్రలు సాగుచున్నవి. మన హైదరాబాదులోను అట్టి యాత్రలు జరుపువారు గలరు. ఆ పద్ధతిలో మొదటి మెట్టు 200 కిలోమీటర్లు. దానికి 13½ గంటల గడువు. గంటకు పదునైదు కిలోమీటర్లైనను పోనక్కరలేదని దీనివలన తేలుచున్నది. వేగము గొప్ప కాదు, నిలకడయే గొప్ప యని ఆ నియమము చెప్పుచున్నది.

మన దేశమువారును వెనుకబడలేదు. 1923లో బొంబాయినుండి ఆరుగురు యువకులు సైకిళ్ళమీద భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. ఆదీ హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అను మువ్వురు 44,000 మైళ్ళు త్రొక్కి 1928లో ఇల్లు చేరిరి. తక్కిన మువ్వురు నడుమనే విరమించిరి. ఈ మువ్వురను పొగడుచు ఆ మువ్వురను మఱచుట లోకరీతి. నేను మాత్రము మధ్యలో విరమించుటయు ఒక విద్యయే యని నమ్మినవాడను. ఏల నమ్మితినో చెప్పవలెనన్నచో నా కథ చెప్పవలసియున్నది.

1996 మే నెలలో, నాకు పదునేడేండ్ల ప్రాయమున, ఇరువురు మిత్రులతో గూడి నేనును వరంగల్లునకు బయలుదేరితిని. వేయిస్తంభముల గుడియెదుట సైకిళ్ళు నిలిపి ఫోటో తీయించుకొనవలెనని మా కోరిక. అంతకుముందు మేము ఒక్క దినమున త్రొక్కిన పెద్ద దూరము నలుబది కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరవలెననుకొని, ఒకడు లేవకపోవుటచే ఏడున్నరకు బయలుదేరితిమి. ఇరానీ హోటలులో చాయయు, ఉస్మానియా బిస్కత్తులును మా యల్పాహారము. తలకొక సీసాడు నీరు. ఇంటిలో మాత్రము, ఉప్పలులో మిత్రుని యింట చదువుకొనుటకు పోవుచున్నానని చెప్పితిని.

భువనగిరి కొండ కనబడువఱకు పాటలు పాడుకొనుచు పోతిమి. ఆలేరు దాటునప్పటికి పాటలు నిలిచినవి. తారు రోడ్డు పెనమువలె కాగుచుండెను. నాకు చెమట పట్టుట మానినది. కన్నులయెదుట రోడ్డు రెండుగా కనబడినది. ఒక వేపచెట్టు క్రింద సైకిలు పడవైచి, దానిప్రక్కనే నేనును పడిపోతిని. ఆ చెట్టునీడను గొఱ్ఱెలు కాచుకొనుచున్న ఒక వృద్ధురాలు తన ముంతలోని అంబలిని నా నోట పోసి, తడికొంగు నా తలపై కప్పి, "గింత ఎండల ఏడికి బోతున్రు బిడ్డా? మీ అవ్వయ్యలకు చెప్పొచ్చిన్రా?" అని యడిగెను. మేము మువ్వురమును తలలు వంచుకొంటిమి. సాయంకాలము ఒక లారీ డ్రైవరు దయతలచి మమ్మును సైకిళ్ళతో గూడ నగరమునకు చేర్చెను.

నేను ఇల్లు చేరునప్పటికి రాత్రి పదిగంటలైనది. మిత్రుని యింట నేను లేనని తెలిసి నా తండ్రి మధ్యాహ్నమునుండి ఉప్పలు దారి యంతయు వెదకి వచ్చి యుండెను. ఆయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మఱునాడుదయము నేను లేచి చూచునప్పటికి ఆయన వాకిట కూర్చుండి నా సైకిలు దుమ్ము తుడుచుచు, గొలుసునకు నూనె వేయుచుండెను. నన్ను చూచి, "మళ్ల పోతవు, నాకెర్కే. గీసారి నాకు చెప్పి పో" అని మాత్రమే యనెను. ఆ మాట నన్ను ఏ దెబ్బయు నొప్పింపనంతగా నొప్పించెను.

ఆ యాత్రలో మా తప్పులు ఎన్నియో గలవు. వేసవియందు పోవుట తప్పు. సాధన లేకపోవుట తప్పు. నీరు, ఆహారము చాలకుండుట తప్పు. అయినను అన్నిటికిని మూలమైన తప్పు, బాటను దాని కొసనున్న ఊరి పేరునుబట్టి ఎన్నుకొనుట. పేరు గొప్పది గనుక నడుమ నిలిచినచో అవమానమనుకొంటిమి. అవమానమునకు వెఱచి నిలువవలసినచోట నిలువమైతిమి. అనుమతి దొరకదని యెఱిగి అబద్ధమాడితిమి. ఇంటిలో నిజము చెప్పి పోదగని బాట తొలియాత్రకు తగిన బాట కాదు. ఈ ఒక్క వాక్యమును చదువరులు జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన వ్యాసమును మఱచినను నాకు విచారము లేదు.

ఇక బాటను ఎన్నుకొనుటకు నేను నాలుగు ప్రశ్నలు వేసికొందును. ఒకటి, ఎచ్చట అలసినను అచ్చటనే విరమించి సులభముగా ఇల్లు చేరగలమా? రెండు, లారీలు బస్సులు మనప్రక్కన ఎంత వేగముతో, ఎంత సమీపమున పోవును? మూడు, గాలియు వాలును మనకు ఎప్పుడు అనుకూలించును, ఎప్పుడు ప్రతికూలించును? నాలుగు, పగటి వెలుగులో ముగియునా? ఊరి పేరు గొప్పదా యను ప్రశ్న ఈ నాలుగింటిలో లేదని గమనింపుడు.

ఖైరతాబాదు కూడలియందు నిలిచి చూచినచో మనకు బాటల కొఱత లేదు. మనయెదుట పంజాగుట్ట, అమీర్‌పేటల మీదుగా పోవు రోడ్డు వట్టి నగరవీథి కాదు. పుణేను మచిలీపట్నముతో కలుపు జాతీయ రహదారి. 2010లో సంఖ్యలు మార్చుటకు పూర్వము దీనికి 9 అని సంఖ్య, ఇప్పుడు 65. ఈ రహదారినే తూర్పుగా విజయవాడ వైపు పోయి, నార్కెట్‌పల్లి ప్రాంతమునుండి మఱలివచ్చినచో నూఱు మైళ్ళగును. రోడ్డు విశాలమైనది, దాబాలును, నీరును దొరకును. అయినను వాహనముల వేగము మిక్కిలి హెచ్చు. పైగా ఈ దిక్కున నేల కృష్ణానది వైపునకు వాలియున్నది. మన మూసీ నది హైదరాబాదునుండి తూర్పునకు పారి వాడపల్లివద్ద కృష్ణలో కలియుటయే దీనికి నిదర్శనము. పోవునప్పుడు దిగుడు, అలసి వచ్చునప్పుడు ఎక్కుడు. పోకడ సుఖము చూచి తన బలమును ఎక్కువగా అంచనా వేసికొనుట క్రొత్తవానికి సహజము. కనుక ఈ బాట తొలియాత్రకు పనికిరాదు.

వరంగల్లు బాట ఖైరతాబాదునుండి సుమారు 150 కిలోమీటర్లు. దీనికొక మేలు గలదు: రైలుబాట దాదాపు తోడుగనే యుండుటచే భువనగిరి, ఆలేరు, జనగామ, కాజీపేట స్టేషనులలో ఎచ్చటనైన రైలెక్కవచ్చును. అయినను ప్రతి రైలును ప్రతి స్టేషనులో నిలువదు. సైకిలును వెంట తెచ్చుకొనుట అన్నివేళల సాధ్యము కాదు. స్టేషనునకును స్టేషనునకును నడుమ అలసినవానికి వేపచెట్టే గతి. ఆ సంగతి నాకు తెలిసినంతగా మఱియొకరికి తెలియదు. ఇది రెండవ యాత్రకో మూడవ యాత్రకో తగిన బాట.

నగరము చుట్టును నిర్మించిన బాహ్యవలయ రహదారి పొడవు 158 కిలోమీటర్లు. ఒక్క చుట్టు చుట్టినచో నూఱు మైళ్ళకు రెండే తక్కువ! పటమును చూచిన ప్రతి బాలునికిని ఈ యూహ తోచును. కాని ఆ ప్రధాన రహదారిపైకి సైకిళ్ళను గాని, మోటారు సైకిళ్ళను గాని రానీయరు. నిషేధించినచోటికి దొంగతనముగా పోవుట సాహసము కాదు. కనుక ఈ మాట ఇంతటితో విడిచెదను.

మిగిలినది అనంతగిరి. నా హృదయము ఈ బాటయందే యున్నదని ముందుగనే యొప్పుకొనుచున్నాను. మెహిదీపట్నము, మొయినాబాదు, చేవెళ్ల, మన్నెగూడ, వికారాబాదుల మీదుగా అనంతగిరి కొండలకు సుమారు 80 కిలోమీటర్లు. పోయి వచ్చినచో సరిగా నూఱు మైళ్ళు. మూసీ నది పుట్టినది ఆ కొండలలోనే. నీరు పల్లమెఱుగును గదా! నది అచ్చటినుండి మనవైపు పారుచున్నదన్నచో, మొత్తముమీద పోవునప్పుడు ఎక్కుడు, వచ్చునప్పుడు దిగుడు అని పటము చూడకయే చెప్పవచ్చును. క్రొత్త బలముతో ఎక్కి, అలసటతో దిగుట న్యాయమైన యేర్పాటు. ఆ దారియందలి మఱ్ఱిచెట్లు పేరెన్నికగన్నవి.

అయినను ఈ బాటను మొదటి యాత్రకు నేను సిఫారసు చేయను. తాండూరు ప్రాంతమునుండి బండలు, సిమెంటు మోయు లారీలు ఈ దారిననే పోవును. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల సమీపమున మీర్జాగూడవద్ద కంకర లారీ ప్రయాణికుల బస్సును ఢీకొనుటచే అనేకులు ప్రాణములు గోల్పోయిరి. బస్సులో కూర్చున్నవారికే రక్షణ లేనిచోట సైకిలు బాలుని మాట చెప్పనేల? మన దేశమున 2022వ సంవత్సరములో రోడ్డు ప్రమాదములచే 1,68,491 మంది మరణించిరని ప్రభుత్వమువారి లెక్క. మన పాఠశాలలో ప్రతి తరగతిని తలచుకొని ఈ సంఖ్యను చదువుడు. తండ్రులు వెఱచుట పిఱికితనము కాదు.

కావున తొలి నూఱు మైళ్ళకు నేను చూపు బాట చాలమందికి రుచింపదని యెఱిగియు చెప్పుచున్నాను. అది బాహ్యవలయ రహదారి ప్రక్కన సైకిళ్ళకై ప్రత్యేకముగా నిర్మింపబడి, 2023 అక్టోబరు 1వ తేదీన తెఱువబడిన సౌరపు కప్పు బాట. దానికి రెండు శాఖలు: నానక్‌రాంగూడనుండి పోలీసు అకాడమీ వైపు 8½ కిలోమీటర్లు, నార్సింగినుండి కొల్లూరు వైపు 14½ కిలోమీటర్లు, వెరసి 23. వెడల్పు 4½ మీటర్లు. పైన సౌరఫలకముల కప్పు. ఆ ఫలకముల శక్తి 16 మెగావాట్లు. దక్షిణ కొరియాలో డేజన్, సేజోంగ్ నగరముల నడుమ ఇట్టి బాటయొకటి మన బాటకు ముందే వెలసినది. ఎండకు నీడ, వానకు గొడుగు; లారీ లేదు, బస్సు లేదు.

లెక్క చూడుడు. రెండు శాఖలను ఒక్కొక్కమారు పోయి వచ్చినచో 46 కిలోమీటర్లు. అట్లు మూడు మారులు పోయి వచ్చినచో 138. ఖైరతాబాదునుండి అచ్చటికి పోవు దూరమును, మఱలి వచ్చు దూరమును దీనికి కలుపుడు. నూఱు మైళ్ళు నిండినవి! నగరపు రద్దీలో త్రొక్కుట ఇష్టములేనివారు సైకిలును ఆటోలోనో కారులోనో చేర్చి, బాటమీదనే మూడున్నర మారులు తిరుగవచ్చును. అప్పుడు సరిగా 161. అయితే మరమ్మతులకో నిర్మాణములకో బాటలో కొంత భాగము మూసి యుండవచ్చును గనుక, ముందువారము ఒకమారు పోయి చూచుకొని, తెఱచియున్నంత మేరకు లెక్క సవరించుకొనవలెను.

"ఇది గానుగెద్దు తిరుగుడు గదా! కొండ లేదు, కోట లేదు, చేరవలసిన ఊరు లేదు" అని మన విద్యార్థులు నవ్వుదురు. ఆ బాలుడును నవ్వినాడు. వారికి నా సమాధానమిది. గానుగెద్దునకు కన్నులకు గంతలు గలవు, మీకు లేవు. ఒకే బాటను మఱల మఱల త్రొక్కునప్పుడు మారునది బాట కాదు, మీరే. మొదటి మారు ఏ యెక్కుడును గమనింపకయే దాటిన కాలు మూడవ మారు దానినే కొండగా నెంచును. ఎన్నవ గంటకు ఆకలి వేసినది, ఎన్నవ మైలునకు మెడ నొచ్చినది, ఎప్పుడు కోపము వచ్చినది అను సంగతులన్నియు అచ్చట స్పష్టముగా తెలియును. దృశ్యములు మారు బాటలో ఇవి మఱుగుపడును. లెక్కలు నేర్చువాడు ఒకే విధమైన లెక్కను పలుమారులు చేయడా? మఱియు ముఖ్యమైన మాట: ఆ బాటమీద ఎచ్చట విరమించినను ఇల్లు కొద్ది దూరములోనే యుండును. విరమించినవానిని నవ్వుటకు ఊరి పేరు లేదు.

ఇక కాలము. వేసవిని తలంపనే వలదు. జూనునుండి సెప్టెంబరువఱకు నైరుతి ఋతుపవనములచే పడమటి గాలి బలముగా వీచును. ఎదురుగాలి కనబడని కొండ. నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు మన నగరమునకు శ్రేష్ఠము. డిసెంబరులో సూర్యోదయము సుమారు 6-40కి, అస్తమయము సుమారు 5-45కి. పగలు పదునొకండు గంటలు మాత్రమే. గంటకు 18 కిలోమీటర్ల చొప్పున 161 కిలోమీటర్లకు తొమ్మిది గంటలు. విశ్రాంతికి రెండు గంటలు. సరిగా సరిపోవుచున్నది, వ్యర్థము చేయుటకు మిగులలేదు. కనుక మబ్బుతోనే లేవవలెను. దీపములు రెండును, ముందు తెల్లనిదియు వెనుక ఎఱ్ఱనిదియు, వెలుగుచుండవలెను. శిరస్త్రాణము లేనిదే గడప దాటరాదు.

సాధన పదివారములు. వారమునకొక పెద్ద యాత్ర చాలును: 30, 40, 50 కిలోమీటర్లు, పిమ్మట తగ్గించి 40, మఱల 60, 75, తగ్గించి 60, తరువాత 90, 110. పదవ వారము విశ్రాంతి. 110 కిలోమీటర్లు సుఖముగా పోయినవాడు 161 పోగలడు. మొదటి వారములకు హుస్సేనుసాగరపు గట్టును, నెక్లెస్ రోడ్డును తెల్లవారుజామున చాలును. 1562 ప్రాంతమున త్రవ్వించిన ఆ చెఱువు మన పొరుగుననే యుండగా దూరపు మైదానములెందుకు?

ఆహారమును గూర్చి ఒక మాట. మన యొడలిలో కండరములయందును కాలేయమునందును నిలువయుండు పిండిపదార్థపు శక్తి సుమారు రెండువేల కేలరీలు. సైకిలు త్రొక్కువాడు గంటకు నాలుగువందలనుండి ఆఱువందలవఱకు వ్యయపఱచును. అనగా నాలుగైదు గంటలలో కొట్టు ఖాళీ యగును. ఆలేరువద్ద నాకు జరిగినదానిలో సగము ఇదియే. తక్కిన సగము ఎండ. ఆకలి వేసినప్పుడు తినుట ఆలస్యము. మొదటి గంటనుండియే గంటకు రెండు అరటిపండ్లకు సమానమైన ఆహారము తినవలెను. ఇడ్లీలు, ఖర్జూరములు, పల్లీపట్టీలు మంచివి. వట్టి నీరే మితిమీరి త్రాగరాదు. చెమటతో పోయిన ఉప్పు మఱల రావలెను. ఉప్పువేసిన మజ్జిగ మన పెద్దల యుపాయము. మందులంగడిలో దొరకు ఓఆర్‌ఎస్ పొడి నేటి యుపాయము.

సైకిలు ఖరీదైనది కానక్కరలేదు. చక్కగా నున్నచో చాలును. మడమను పెడలుపై నుంచినప్పుడు కాలు సాగియుండునట్లు సీటు ఎత్తు నమర్చుకొనవలెను. సీటు తక్కువైనచో మోకాలు పగతీర్చుకొనును. రెండు ట్యూబులు, గాలిపంపు, టైరు విప్పు పనిముట్లు వెంటనుండవలెను. పంక్చరు దుకాణము ప్రతి యూరను గలదు గాని, సన్నని టైర్ల సైకిలునకు తగిన ట్యూబు ప్రతి దుకాణమున దొరకదు. పంక్చరు వేయుట ఇంటిలోనే నేర్చుకొనుడు. అది పుస్తకములో వచ్చు విద్య కాదు.

తల్లిదండ్రులకు రెండు విన్నపములు. పదునాఱేండ్లు నిండని బిడ్డలకు నూఱు మైళ్ళ ముచ్చట వలదు. ఏబది మైళ్ళే వారికి పండుగ. నిండినవారిని మాత్రము వలదని కట్టివేయకుడు; కట్టివేసినచో నావలె అబద్ధమాడి పోదురు. ఇక, కుమారునికిచ్చిన యనుమతిని కుమార్తెకు ఇయ్యకుండుట న్యాయము కాదు. బాట సురక్షితమైనచో ఇరువురకును సురక్షితమే. కానిచో ఇరువురకును కాదు. మన పాఠశాల బాలికలలో సాయంకాలము సైకిలుపై పంజాగుట్ట రద్దీని దాటి ఇల్లు చేరువారి నేర్పు నేను ప్రతిదినము చూచుచున్నాను. వారికి నూఱు మైళ్ళు లెక్కయా?

ఆ తండ్రికొడుకుల సంగతి చెప్పి ముగించెదను. నా మాట ఆ బాలునికి రుచింపలేదు గాని, తండ్రి వెంటనే సమ్మతించుటచే మాఱుపలుక లేకపోయెను. పదివారములు సాధన చేసి డిసెంబరులో ఒకనాడు బయలుదేరెను. తండ్రి నార్సింగివద్ద నీటిసీసాలతో కూర్చుండెను. 115 కిలోమీటర్లైన పిదప బాలునికి మోకాలు నొచ్చినది. సైకిలు దిగి తండ్రియొద్దకు వచ్చి, "ఈ రోజు ఇక చాలు నాన్నా" అనెనట. ఇరువురును ఆటోలో సైకిలు వేసికొని ఇల్లు చేరిరి. సీటును ఒక అంగుళము పైకెత్తి, మూడు వారములు మెల్లగా సాధన చేసి, జనవరిలో మఱల పోయి నూఱు మైళ్ళును ముగించెను. తండ్రిగారు నాతో ఈ సంగతి చెప్పుచు, "జనవరి నాటికంటె డిసెంబరు నాడే నాకు ధైర్యము వచ్చినది సార్. వాడు ఆగగలడని తెలిసినది" అనిరి.

నా తండ్రి ఇప్పుడు లేడు. ఆయనకు చెప్పి పోయిన యాత్రలు నాకు తరువాత ఎన్నియో గలిగినవి. వరంగల్లును ఒకమారు చూచివచ్చితిని. ఆ బాలుడును ఇప్పుడు అనంతగిరి మాట యెత్తుచున్నాడట. పోవునుగాక, తగినవారి తోడుతో, తగిన ఋతువున, తండ్రికి చెప్పి పోవునుగాక. విద్యార్థులారా! మీరును తొలి నూఱు మైళ్ళకు ఇంటికి సమీపమైన బాటను, సిగ్గుపడక నిలువదగిన బాటను, నిజము చెప్పి పోదగిన బాటను ఎన్నుకొనుడు. దూరపు ఊళ్ళు ఎచ్చటికిని పోవు; మీరు వచ్చువఱకు అచ్చటనే యుండును.